కుర్చీ కాదు, సర్ఫ్‌బోర్డు రెక్క

మామయ్యా, కుడి రెక్కను పాడుచేసింది మీరే. సర్ఫ్‌బోర్డు అడుగున బిగించే రెక్కకు లోపలి వైపు చదునుగా ఉండాలని పొద్దున రెండుసార్లు చెప్పాను. నేను స్నానం చేసి వచ్చేలోగా దాన్నీ బయటి వైపులాగే గుండ్రంగా అరగదీశారు. నలభై ఏళ్లు కుర్చీలు చేసిన చెయ్యి, అంచు కనబడితే ఊరుకోదు. ఇది బిగిస్తే బోర్డు పక్కకు లాగేస్తుంది. రేపు పోటీలో దాని మీద నిలబడేది మీ మనవరాలు.

ఇంట్లో చేసిన రెక్కలు చెల్లవని పోటీ పెట్టే క్లబ్బువాళ్లు కబురు పెట్టారు. ఆ నియమం ఎక్కడ రాసుందో చూపించమని అడగడానికి, ఈ చీటీ పెట్టి వెళ్తున్నాను. ఇంట్లో కాలు నిలవడం లేదు. "సరే, తెచ్చి చూపించమ్మా" అని వాళ్లంటే ఈ గరిటె చూపించనా?

ఎడమ రెక్క మాత్రం బాగా కుదిరింది. ఆ వంపు నాకు పదేళ్లకైనా రాదు. ఎదురుగా చెబితే పొంగిపోతారని చెప్పలేదు.

పొరలుగా అతికించి ఆరబెట్టిన చెక్క ఇంకొకటి కిటికీ దగ్గర ఉంది. దానికి ఒక వైపు నిండా పెన్సిలు గీతలు కొట్టాను. అదే లోపలి వైపు. ఎడమ రెక్క చదును వైపును దాని మీద ఆనించి, ఆకారం గీసి కొయ్యండి. అరగదీసేది రెండో వైపే. ఆరింటికి వస్తాను. అప్పటికి రెక్క మీద నా గీతల్లో ఒక్కటి కూడా చెరగకూడదు.