చొక్కా తియ్యని వీడియో

అక్టోబరు 4, శనివారం

నాకు నటన రాదు. అయినా పడుకోబెట్టారు. పురుగుమందు ఒంటికి తగిలితే ముందు ఏం చెయ్యాలో వీడియో తీసి, పామర్రు చుట్టుపక్కల కూలీలందరికీ ఫోన్లలో పంపుతారట. తీసే అమ్మాయి భానుశ్రీ విజయవాడ నుంచి వచ్చింది. మందు తగిలిన మనిషిని నేను. కాపాడేది మా కోడలు దుర్గ.

చేలో వేసుకున్నట్టే చీర మీద మగవాళ్ళ చొక్కా తొడిగారు. దుర్గ నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. ఎవరో చింతపండు రసం తెస్తే, నోట్లో ఏమీ పొయ్యొద్దని చెయ్యి ఊపింది. ఇప్పుడు చొక్కా తీసి సబ్బునీళ్ళతో కడగాలంది భానుశ్రీ. నేను లేచి కూర్చున్నాను. పడుకోబెట్టి బట్ట తీసి నీళ్ళు పొయ్యడం శవానికి చేసే పని, బతికుండగా నాకొద్దన్నాను. కింద చీర ఉందిగా మామ్మగారూ, షూటింగేగా అని బతిమాలింది. విననంటే విననన్నాను. సరే, ఆ ముక్క వాయిస్‌లో చెప్పేస్తానంది.

మా అత్త ఇంకో యాభై ఏళ్ళుంటుందిలెండి, కదపకండి అని దుర్గ నవ్వింది.

అక్టోబరు 9

వీడియో అందరి ఫోన్లకూ వచ్చేసింది. పాలకేంద్రం దగ్గర మాణిక్యమ్మ అది చూపించి, ఏం వదినా, ఎప్పుడు లేచావు అంది. అందరూ నవ్వారు. నేను పాలు పోసి వచ్చేశాను.

అక్టోబరు 12, మధ్యాహ్నం

వీడియో మళ్ళీ చూశాను. చేతులు నేలకు ఆనించే పడుకున్నాను, బాగా గుర్తు. వీడియోలో నా చెయ్యి చొక్కా పైబొత్తాం మీద ఉంది. దుర్గకు చూపిస్తే, బీపీ మాత్ర వేసుకున్నావా అత్తా అంది.

అక్టోబరు 13

ఇవాళ వీడియోలో ఆ బొత్తాం సగం విప్పి ఉంది.

అక్టోబరు 17

రేపు వరిలో సుడిదోమకు మందు కొడతారు. దుర్గ వెళ్తానంటే వద్దన్నాను. రోజూ అన్నిటికీ వద్దంటావు, ఏ వద్దు వినాలో నాకెలా తెలుస్తుంది అత్తా అంది.

అక్టోబరు 18

వీపుకు తగిలించుకున్న మందు ట్యాంకు కారి దుర్గ చొక్కా అంతా తడిసింది. గట్టుమీద పడిపోయింది. ఆడవాళ్ళు వీడియో పెట్టుకుని, చూసి మరీ చేశారు. పక్కకు తిప్పారు. నోట్లో ఏమీ పొయ్యలేదు. 108కి ఫోన్ చేశారు. చొక్కా మాత్రం తియ్యలేదు. మోటారు చప్పుడులో వాయిస్ వినపడలేదట. నీ ఒంటిమీద ఉంచారుగా వదినా, పడుకున్న పిల్లకి బట్ట తియ్యడానికి మాకూ చేతులు రాలేదు అని మాణిక్యమ్మ ఏడ్చింది.

ముప్పావుగంట ఆ తడి చొక్కాతోనే ఉంది. ఆస్పత్రిలో నర్సు కత్తెరతో కోసింది. దుర్గ చెయ్యి పైబొత్తాం పట్టుకుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదియ్యాల్సి వచ్చింది.

అక్టోబరు 19

కళ్ళు తెరవలేదు.

అక్టోబరు 22

తెరిచింది. మొదటిమాట, అత్తా, చొక్కా తీశారా అని.

భానుశ్రీకి ఫోన్ చేసి మళ్ళీ తియ్యమన్నాను.

నవంబరు 2, ఆదివారం

పడుకున్నాను. చొక్కా తీశారు. సబ్బునీళ్ళు పోశారు. చల్లగా ఉన్నాయి. మాణిక్యమ్మ అటు తిరిగి నిలబడింది. అయ్యాక నా తల నేనే తుడుచుకున్నాను.

నవంబరు 6

కొత్త వీడియోలో నా చెయ్యి నేలమీదే ఉంది. పాతది ఎన్ని ఫోన్లకు వెళ్ళిందో తెలియదు, వెనక్కి రాదంది భానుశ్రీ. అంటే ఎక్కడో ఇంకా చొక్కాతోనే పడుకుని ఉన్నాను.

ఇందాక మెడ దగ్గర తడుముకున్నాను. నా జాకెట్టుకు హుక్కులు. వేలికి బొత్తాం తగిలింది.