బిగుసుకుపోయిన మొన

ఆగస్టు 3

ఇంకో నాలుగు పెన్నులు వెనక్కి వచ్చాయి. నాలుగింటిదీ ఒకటే రోగం. ఎండకి రిఫిల్ కారుతుంది, కారిన ఇంక్ లోపలే ఎండి బంకలా పట్టేస్తుంది. మా పెన్ను అచ్చం తూటాలా ఉంటుంది. యుద్ధంలో పేలిన ఇత్తడి గొట్టం, దాని మూతిలో రాగి మొన. మొన పట్టుకుని లాగితే వెనకే రిఫిల్ బయటికి రావాలి. ఇప్పుడు ఏ మొనా రావడం లేదు.

ఒక జర్మన్ ఆయన తెల్లకోటు జేబు చూపించాడు. అరచెయ్యంత నీలం మరక. పళ్ళతో లాగాడట, పన్ను విరిగిందని నోరు కూడా తెరిచి చూపించాడు. తూటాని పళ్ళతో లాగేవాడికి అన్ని పళ్ళు మిగలడమే ఎక్కువ అన్నాను, మా భాషలోనే. ఆయనకి అర్థం కాలేదు. నా అదృష్టం.

ఆగస్టు 4

రిఫిళ్ళు అమ్మిన రాసిమ్ దగ్గరికి వెళ్ళాను. వాడి కొట్టు మా రాగిపని వీధి చివరే. సరుకు బంగారం, మీ ఇత్తడే చెడింది అన్నాడు. మీ తమ్ముడికి చేతులు వణుకుతున్నాయేమో చూపించు అని కూడా అన్నాడు, కాఫీ చప్పరిస్తూ. బల్ల మీద రాగి కాఫీ గిన్నె ఉంది. విసిరాను. కనుబొమ్మ చీలింది. మూడు కుట్లు.

వీధంతా చూసింది. సిగ్గేయలేదు. చాలా హాయిగా అనిపించింది.

అదే రోజు, సాయంత్రం 6 గంటలు

వాహిద్ తిట్టాడు. యాభై నాలుగేళ్ళ తమ్ముడు, నాకంటే మూడేళ్ళు చిన్న, అయినా తిట్టాడు. చేతిపని వాడిది, నోటిపని నాది అని నాన్న పంచిపెట్టి పోయాడు. నోటిపని అంటే గిన్నెలు విసరడం కాదని అరుస్తూ చేతిలో సుత్తి గోడకేసి కొట్టాడు. పెచ్చు ఊడింది. మా ఇంట్లో బుద్ధి చెప్పడం ఇలాగే ఉంటుంది.

ఆగస్టు 7

తలుపుకి బోర్డు పెట్టాను. బిగుసుకున్న పెన్ను తెండి, ఊరికే బాగుచేసి కొత్త రిఫిల్ వేస్తాం. పోయిన పేరు ఇలా అయినా తిరిగొస్తుంది.

వాహిద్ ఒప్పుకోలేదు. ఈ ఊళ్ళో ఏ సొరుగు లాగినా యుద్ధంనాటిది ఏదో ఒకటి దొరుకుతుంది, పెన్ననుకుని ఎవడైనా అసలు తూటా తెస్తే అన్నాడు. అడుగున తుపాకి సూది కొట్టిన గుర్తు ఉంటే పేలిందని అర్థం కదా అన్నాను. గుర్తు పడ్డా పేలనివి ఉంటాయట. ముట్టడి రోజుల్లో, వాడిన తూటాల్లో మళ్ళీ మందు నింపే నేలమాళిగ వర్క్‌షాపులో వాడి పని అలాంటివి ఏరడమే. ఒకరోజు పక్కవాడు ఏరకుండా ఒకటి పట్టకారులో బిగించాడు. వాడి ముఖం పైకప్పుకి అంటుకుందని, ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోలేదని చెప్పాడు. ముప్పై ఏళ్ళలో ఈ మాట నాకు చెప్పడం ఇదే మొదటిసారి.

చివరికి ఒక షరతు పెట్టాడు. గుమ్మం దాటి వచ్చిన ప్రతిదీ ముందు తక్కెడ ఎక్కాలి. పెన్ను తేలిక, మందున్నది బరువు. తూచనివి ఎర్ర ట్రేలో, తూచినవి పచ్చ ట్రేలో. తూచడం నా పని.

ఆగస్టు 10

పద్ధతి కుదిరింది. గ్యాస్ టార్చ్ మంట మీద గొట్టాన్ని తిప్పుతూ వేడి చేస్తాడు, లోపలి ఇంక్ మెత్తబడుతుంది, పట్టకారుతో మొన లాగుతాడు. కొత్త రిఫిల్ రెండు మిల్లీమీటర్లు పొడుగు. వెనక కొస కోస్తే మళ్ళీ కారుతుంది కాబట్టి మొనలోనే బెజ్జం లోతుగా తొలుస్తున్నాడు. ఒక్కోదానికి పావుగంట. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నీలం.

ఆగస్టు 14

ఒక్క రోజులో అరవై మూడు. బోర్డు పెట్టినదాన్ని నన్నే చావబాదాలి.

ఆగస్టు 16

పండగ రోజుల రద్దీ. ఒకడు క్యూ మధ్యలో దూరాడని ఇంకొకడు వాడి ముక్కు మీద గుద్దాడు. మా గుమ్మంలో రక్తం. నీళ్ళు కొట్టి ఇద్దర్నీ తరిమాను.

వ్రత్నిక్ గుట్ట మీంచి ఒక ముసలావిడ కూడా వచ్చింది. కొడుకు పెన్నట. మా ముద్ర లేదు. తొలి రోజుల్లో మేం ముద్ర వేసేవాళ్ళం కాదు. ఎర్ర ట్రేలో వేశాను.

ఆగస్టు 17

రాయకపోతే పిచ్చెక్కుతుంది.

పదకొండింటికి రెండు టూరిస్టు గుంపులు ఒకేసారి పడ్డాయి. కొత్త పెన్నులు పరిచి చూపించడానికి ట్రే కావాలి. ఎర్ర ట్రేలోవి ఎత్తి పచ్చదాంట్లో పోశాను. పది రోజుల్లో వందల పెన్నులు తూచాను, ఒక్కటీ బరువు తేలలేదు. బొమ్మలకి తక్కెడేంటి అనుకున్నాను. ట్రే తీసుకెళ్ళి వాడి బల్ల మీద పెట్టాను.

"ఇవి తూచావా అక్కా?"

"తూచాను."

అంతే. వాడు నా మాట నమ్మాడు. నేను మళ్ళీ ముందుకొచ్చి ఒకావిడకి పెన్ను చుట్టి ఇస్తున్నాను. లోపల పేలింది. అంత పెద్ద చప్పుడేం కాదు. ముట్టడి విన్న చెవులకి చిన్నదే. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా నేను తెలియకుండానే నేల మీద పడుకున్నాను. వీధిలో నా వయసువాళ్ళంతా పడుకున్నారు. టూరిస్టులు మాత్రం నిలబడి చూస్తున్నారు.

లేచి లోపలికి పరిగెత్తాను. వాహిద్ కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి వైపు చూస్తున్నాడు. నీలం, ఎరుపు కలిసిపోయి ఏది ఇంక్ మరకో, ఏది రక్తమో తెలియలేదు. ఒక వేలు కిటికీ గట్టు మీద ఉంది. నేనే తీసి ఐసులో పెట్టాను. ఇంకో రెండు దొరకలేదు. మొన వాడి చెవి పక్కనుంచి పోయి బీరువా తలుపులో దిగింది.

ఆగస్టు 18

ఆ వేలు అతకలేదు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

పోలీసులకి వాడే చెప్పాడు, తానే తూచానని, అంకె తప్పు చదివానని. వాళ్ళు వెళ్ళాక నాతో మెల్లగా అన్నాడు: "పాత తక్కెడే కదా, నీకు తప్పు చూపించి ఉంటుంది. దిగులు పడకు."

బాత్రూంలోకి వెళ్ళి తల గోడకేసి కొట్టుకున్నాను. నర్సు వచ్చి పట్టుకుంది.

ఆగస్టు 21

రాసిమ్ కుట్లున్న ముఖంతో ఆసుపత్రికి పండ్లు తెచ్చాడు. తీసుకున్నాను. వాణ్ణి కొట్టినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

ఆగస్టు 24

కొట్టు ఊడ్చుకుందామని తెరిచాను. ఆ వ్రత్నిక్ ముసలావిడ వచ్చింది. జరిగింది ఆవిడకి తెలియదు. చేతిలో పెన్ను ఉంది, మాదే, మొన బిగుసుకున్నదే. పొరపాటున ఆ రోజు దీని బదులు రెండోది ఇచ్చానని, అది వెనక్కి ఇమ్మని అడిగింది.

రెండోది ఏమిటో చెప్పింది. యుద్ధంలో కొడుకుని పట్టుకుని గోడకి నిలబెట్టారు. ఒకడు తుపాకి నుదుటికి ఆనించి నొక్కాడు. పేలలేదు. వాడు నవ్వి ఆ తూటా తీసి కుర్రాడి చేతిలో పెట్టి, ఇది నీదే, ఉంచుకో అని వదిలేశాడు. కొడుకు ముప్పై ఏళ్ళుగా దాన్ని సొరుగులో భద్రంగా దాచుకున్నాడు. అదే సొరుగులోని పెన్ను బాగుచేయించుకు రమ్మంటే, ఆవిడకి చూపు ఆనక ఇది తెచ్చింది.

"అది పేలలేదమ్మా, అందుకే వాడున్నాడు" అంది.

నా రెండు చేతులూ ఆవిడ గొంతు దాకా వెళ్ళాయి. ఆ మెడ పిల్లకోడి మెడలా ఉంది. ఆవిడ నా చేతులు పట్టుకుని, ఒంట్లో బాగాలేదా తల్లీ అని అడిగింది. వదిలేశాను. ఆ తూటా పోయిందని చెప్పాను. ఆవిడ అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది, వాడికేం చెప్పను, వాడికేం చెప్పను అంటూ.

తప్పు ఆవిడది కాదు. తూచమన్నది నన్ను.

ఆగస్టు 25

వాహిద్ ఇంటికొచ్చాడు. తూచలేదని చెప్పాను.

కొట్టడానికి కుడిచెయ్యి ఎత్తాడు. కట్టుతో ఉన్న ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. ఇద్దరం దాన్నే చూశాం. దించేసి ఎడమచేత్తో కొట్టాడు. చెంప మీద సరిగ్గా తగల్లేదు, ముక్కు అంచుకి తగిలి జారింది. గట్టిగా కొట్టమన్నాను.

"ఎడమ చెయ్యే, ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు.