మీ మాటగా చెప్పిన మాట

ఏవండీ,

నమస్కారాలు. అమ్మాయి, మనవరాలు, నేను దేవుడి దయవల్ల బాగున్నాం. ఆ కొండల్లో, సొరంగం పనిలో మిమ్మల్నీ ఆయన చల్లగా చూస్తున్నాడనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

మీ ఉత్తరం మేము సదస్సుకు బయలుదేరే రోజున అందింది. రైల్లో అమ్మాయి నిద్రపోయాక చదువుకున్నాను. నా మోకాలి గురించి అడిగారు. మెట్లు ఎక్కేటప్పుడు కాస్త పట్టేస్తోంది, అంతే. వంటింటి కుళాయి బాగు చేయించాను. ఇప్పుడు కారడం లేదు కాని తిప్పినప్పుడల్లా కూత పెడుతోంది. మనవరాలికి పళ్లు వచ్చాయా అన్నారు. రాలేదు, వస్తున్నట్టు మాత్రం మా వేళ్లు కొరికి చెబుతోంది. జుట్టు సంగతి అడగకండి. మీరు పెట్టిన ‘గుండుగారు’ అన్న పేరే ఖాయమయ్యేట్టుంది.

ఇక ఆఖర్న మీరు రాసిన మాట. సదస్సు అయిపోగానే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇక చైనా భాష చాలు, నాన్న స్నేహితుడి బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరు, ఇంటి పక్కనే ఉంటావు’ అని చెప్పమన్నారు. ఆ మాట చెప్పానా లేదా అన్నది రాయడానికే ఈ ఉత్తరం. కాని జరిగింది వరసగా చెప్పుకొస్తేనే మీకు నా మనసు తెలుస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

సదస్సు ఒక పెద్ద కాలేజీలో జరిగింది. చైనా భాష నేర్పే పంతుళ్లు, ఆ భాష మీద పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. అందరి మెడల్లో పేరు రాసిన బ్యాడ్జీలు. నాకూ ఒకటి వేశారు. నా పేరు ఉండాల్సిన చోట ‘తోడు వచ్చినవారు’ అని ఉంది. నాకు అది బాగా నచ్చింది. పిల్లని భుజాన వేసుకుని టీ బల్ల దగ్గర నిలబడితే ఒక పెద్దమనిషి వచ్చి, “మీ పేపరు ఏ గదిలోనండీ?” అని అడిగాడు. గుండుగారిని చూపించి, “నా పేపరు ఇంకా నిద్రలేవలేదండి” అన్నాను. పాపం, ఆయన నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నాడు.

అక్కడి పద్ధతి మీకు చెప్పాలి. ఒకే సమయంలో నాలుగైదు గదుల్లో ఉపన్యాసాలు జరుగుతాయి. ఎవరికి నచ్చిన గదిలోకి వాళ్లు వెళతారు. మన అమ్మాయి వంతు వచ్చేసరికి కింది పెద్ద హాల్లో ఎవరో మహా పండితుడు మాట్లాడుతున్నాడట, జనమంతా అటే పోయారు. మా గదిలో కుర్చీలే ఎక్కువ, మనుషులు తక్కువ. దానికి తోడు ముందు మాట్లాడినాయన గంట కొట్టినా ఆపడే. “ఒక్క నిమిషం, ఒక్క నిమిషం” అంటూ అమ్మాయి సమయంలో సగం మింగేశాడు. అధ్యక్షుడు అమ్మాయి వైపు తిరిగి, “కొంచెం క్లుప్తంగా కానివ్వమ్మా” అన్నాడు. మీరు ఉంటే అక్కడే నాలుగు దులిపేవారు.

నేను పిల్లతో వెనక తలుపు దగ్గర కూర్చున్నాను. అమ్మాయి నావైపు ఒకసారి చూసింది. చేతిలో కాగితాలు బల్లమీద పెట్టేసి, “అందరూ ఒకసారి లేచి నిలబడతారా?” అంది.

దాని పని ఏమిటో నాకు ఆ రోజే సరిగ్గా అర్థమైందండీ. చైనా భాషలో ఒకే అక్షరాన్ని గొంతు పైకి తీసుకెళ్లి పలికితే ఒక మాట, కిందికి దించితే ఇంకో మాటట. పెద్దవయసులో నేర్చుకునేవాళ్లకి చెవికి తేడా తెలిసినా గొంతు మాట వినదట. అందుకని మన అమ్మాయి వాళ్ల చేత గాలిలో చేత్తో గీతలు గీయిస్తుంది. గొంతు లేస్తే చెయ్యీ లేవాలి, దిగితే దిగాలి. కొన్నాళ్లకు చెయ్యి ఆపేసి గొంతొక్కటే మిగలాలి. అదీ దాని పేపరు. ఆ రోజు గదిలో నెరిసిన తలల పండితులంతా లేచి నిలబడి, చేతులు గాలిలో ఊపుతూ చిన్నపిల్లల్లా పలికారు. నేనూ పిల్ల చెయ్యి పట్టుకుని ఊపాను. అమ్మాయి ముఖం చూడాలి మీరు. కాన్పు తరవాత అంత వెలుగు నేను దాని ముఖంలో చూడలేదు.

తరవాత ప్రశ్నలు. మొదటి వరసలో వెండి తీగల్లాంటి జుట్టున్న ఒక పెద్దావిడ ఉంది. పెద్ద ప్రొఫెసరట. లేచి మెల్లగానే అడిగింది, “చెయ్యి ఆపేశాక ఆర్నెల్లకు కూడా ఆ గొంతు నిలుస్తుందా? లేక మళ్లీ మొదటికి వస్తుందా?” అని.

అమ్మాయి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గుండుగారికి ఆకలేసింది. ఆ ఏడుపు మీరు ఫోనులో విన్నదే. అమ్మాయి చూపు ప్రశ్న మీదినుంచి జారి పిల్ల మీదికి వచ్చేసింది. నేను లేచి బయటికి పరుగెత్తాను. కారిడార్‌లో ఉంటే దానికి వినబడుతుందని, మోకాలి సంగతి కూడా మరచిపోయి మెట్లు దిగి కింది వరండా చివరిదాకా పోయాను. పిల్లని ఊపుతూ దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క శ్లోకమూ నోటికి రాలేదు. ‘దానికి మాట అందించు స్వామీ’ అని అదే అంటూ తిరిగాను. అందువల్ల అది ఏం జవాబు చెప్పిందో నేను వినలేదు.

మళ్లీ పైకి వెళ్లేసరికి అమ్మాయీ ఆ పెద్దావిడా కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. అమ్మాయి పిల్లని తీసుకుని పైట చాటున పట్టింది. పెద్దావిడ నాతో, “మీ అమ్మాయి ఏమందో తెలుసా? ‘తెలియదండి’ అంది. ‘మా దగ్గర కోర్సు మూడు నెలలే, ఆ తరవాత వాళ్లు నాకు కనబడరు’ అంది. ఇన్నేళ్లలో ఈ సభల్లో తెలియదు అన్నవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు” అంది. తరవాత అమ్మాయి వైపు తిరిగి, “మా విశ్వవిద్యాలయానికి రా. రెండేళ్లు ఉండి ఆ జవాబేదో నువ్వే వెతుకు. పిల్లతోనే రా, అక్కడ చూసుకునేవాళ్లున్నారు. సోమవారానికల్లా నాకు చెప్పాలి” అని వెళ్లిపోయింది.

అమ్మాయి సంతోషిస్తుందనుకున్నాను. అది తలొంచుకుని పిల్ల వీపు నిమురుతూ ఉండిపోయింది. మా బస గదికి వచ్చాక అల్లుడికి ఫోను చేసింది. “నేనూ అక్కడికి బదిలీ పెట్టుకుంటాలే, ముందు మీ నాన్నగారితో చెప్పు” అన్నాడట. ఫోను పెట్టేసి నా పక్కన కూర్చుంది.

“నాన్న వద్దంటాడు కదమ్మా?” అంది.

“ఎందుకంటారే?”

“నాకు తెలుసులే. నన్ను ఆ బడిలో చేరమని మీ అల్లుడితో కూడా అన్నాడట. నాన్న వద్దంటే నేను వెళ్లనమ్మా. ఆయన్ని బాధపెట్టి ఏం వెతుకుతాను?” నావైపు తిరిగి అడిగింది, “ఉత్తరం వచ్చిందిగా. ఇంతకీ ఏమన్నా రాశాడా?”

మీ ఉత్తరం నా సంచిలోనే ఉంది, పిల్ల బట్టల కింద. నేను సంచి వైపు చూడలేదు.

“రాశారు” అన్నాను. “సదస్సులో ఏదైనా దారి కనబడితే దాన్ని ఆపొద్దు, వెళ్లనీ అని రాశారు.”

అది నన్ను అనుమానంగా చూసింది. “నాన్న అలా రాయడమ్మా. ‘చూద్దాంలే’ అని రాస్తాడు.”

“మొదట చూద్దాంలే అనే రాశారు. కింది వరసలో వెళ్లనీ అన్నారు.”

“ఏదీ, చూపించు.”

“ఇంటి దగ్గర మరచిపోయి వచ్చానే. నా మాట మీద నమ్మకం లేదా?”

అప్పుడది నవ్విందండీ. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “నాన్న వెళ్లనీ అన్నాడే గుండూ” అని పిల్లకి చెప్పింది. ఒకసారి కాదు, బట్టలు సర్దుతూ, నీళ్లు తాగుతూ, తల దువ్వుకుంటూ అదే మాట.

మీ మాట కాదన్నాను, అంతటితో ఆగక నా మాటను మీ పేరు పెట్టి చెప్పాను. ఇన్నేళ్ల కాపురంలో మీకు చాటుగా నేను ఏదీ చేయలేదు. మీ భయం నాకు తెలియనిది కాదు. ఒక సొరంగం అయ్యేసరికి ఇంకో కొండకు మారుతూ మీరు ఎంత అలిసిపోయారో నాకంటే ఎవరికి తెలుసు? పిల్లయినా ఒక్క చోట కుదురుగా ఉండాలని మీరు కోరుకోవడం తప్పు కాదు. ఇదివరకు అది చైనా భాష నేర్పిన సంస్థ మూతపడ్డప్పుడు అది తిండి మానేసి కూర్చున్న రోజులు చూసినవాళ్లం. అయినా దాని ముఖం చూస్తూ బడి మాట ఎత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చుని క్షమించమని అడగబోయాను. నోరు రాలేదు. పిల్ల సంతోషపడ్డందుకు క్షమించమని ఎలా అడగను? అందుకని ఆయన్ని అడగకుండా లేచి వచ్చి, మిమ్మల్ని అడుగుతున్నాను.

ఈ ఉత్తరం శుక్రవారం సామాన్ల బండిలో మీ క్యాంపుకి చేరేటట్టు పంపుతున్నాను. ఆదివారం పొద్దున అమ్మాయి మీ ఆఫీసు ఫోనుకు చేస్తుంది. వెళ్లనీ అన్నందుకు మీకు దణ్ణం పెట్టాలని ఇప్పటినుంచే తహతహలాడుతోంది. మీకు ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి. ‘మీ అమ్మ అబద్ధమాడింది’ అని కూడా దానితో చెప్పండి. నేను పడతాను, మీ మీద కోపం పెట్టుకోను. కాని ఫోను మోగగానే గుమాస్తాని తీయనివ్వకుండా మీరే తీయండి. మీరు ఏమీ అనకముందు దాన్ని కాసేపు మాట్లాడనివ్వండి. దాని గొంతు విన్నాక మీకు ఏది తోస్తే అది చెప్పండి. ఈసారి అది నేను కల్పించింది కాకుండా మీ సొంత మాటే అవుతుంది.

చలికి చెవులకు గుడ్డ కట్టుకోండి. వేళకు తినండి.

ఇట్లు,
మీ ఇల్లాలు