అంకమ్మ పాట, ప్రభువు బల్ల

ఫిబ్రవరి 17, 1986

హెలెన్ మా వరండాలో నులక మంచం మీద కూర్చుని తమలపాకులు నములుతోంది. గడ్డం దాకా ఎరుపు. అమ్మవార్ల మీద పరిశోధనకని ఇంగ్లండు నుంచి వచ్చింది. కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడగల ఆడమనిషిని నేనొక్కదాన్నే అని ప్రిన్సిపాల్ నాకు అప్పగించాడు.

మీది ఏ చర్చి అని మర్యాదకు అడిగాను. ఏదీ కాదంది. తండ్రి పాస్టరట. తను మాత్రం పేగనట.

చిన్నప్పుడు సండే స్కూల్లో మాకు చెప్పిన అర్థం — అన్యులు, రాళ్లకూ రప్పలకూ మొక్కేవాళ్లు. అనిపించుకోకూడని మాట. ఆవిడ దాన్ని నగలా పెట్టుకు తిరుగుతోంది.

ఫిబ్రవరి 19

పున్నమికి పున్నమికి కొండెక్కి భూమితల్లిని కొలుస్తారట హెలెన్ వాళ్లు. పదిమందో పన్నెండుమందో. "మా అమ్మవార్లను చర్చి ఎప్పుడో చంపేసింది. మీ దగ్గర ఇంకా బతికున్నారు" అంది.

అమ్మకు పెళ్లినాడు బాప్తిస్మమిచ్చిన దొరగారూ ఆ దేశంవాడే. వాళ్లు తెచ్చింది మేం పట్టుకున్నాం. మేం వదిలింది వెతుక్కుంటూ ఈవిడ మాచర్ల దాకా వచ్చింది… నవ్వు రాలేదు.

నేనే నోరు జారాను. మా తాత అంకమ్మ కొలుపుల్లో జమిడిక వాయిస్తూ రాత్రంతా పాడేవాడనీ, పక్కన నిలబడి అమ్మ వంత పాడేదనీ. హెలెన్ నమలడం ఆపేసింది.

ఫిబ్రవరి 22

ఆ పాట పాడితే హెలెన్ రికార్డు చేసుకుంటుందంటే అమ్మ ఒప్పుకోలేదు. "యాభై ఏళ్లనాటి ముచ్చట. ఇప్పుడేందే?"

హెలెన్ ఊరుకుంది. బతిమాలింది నేను. ఇది చరిత్ర, ఇది పోకూడదు — క్లాసులో చెప్పినట్టు చెప్పాను. వినలేదు. "మీ నాయన పాట నీతోనే పోద్దమ్మా" అన్నాను. అది తగిలింది. తగులుతుందని తెలిసే అన్నాను.

ఫిబ్రవరి 23

ఆరాధన నుంచి వచ్చి, అన్నాలు తిని, హెలెన్ టేపురికార్డరు ముందు అమ్మ పాడింది. ముందు ప్రార్థన చేసుకుంది — యేసయ్యా, గొంతు నిలబెట్టు నాయనా అని. తర్వాత అంకమ్మ పుట్టుక అందుకుంది.

ముందు పళ్లు నాలుగూ లేవు. గొంతుకు మాత్రం వయసు లేదు. నలభై మూడేళ్లుగా ఈ మనిషితో ఉన్నాను, ఈ గొంతు నేనెరగను.

నేను ఇంగ్లీషులో అర్థం చెబుతూ దున్నపోతు బలి దగ్గరికొచ్చేసరికి హెలెన్ ముఖం మారింది. తమది పూలూ పాలే, రక్తం ఉండదంది. అమ్మకు తెలుగులో చెప్పాను.

"పాలతోటి సరిపెట్టుకుంటదా వాళ్ల అమ్మవారు? చానా మంచిదే. మా నాయన కాలంలో ఇట్టాంటిది దొరికుంటే మా దొడ్లో దున్నలు మిగిలేయి."

మార్చి 3

హెలెన్ వెళ్లిపోయింది. పోయే ముందు బస్టాండు దగ్గర ఖాసిం షాపులో క్యాసెట్టుకు కాపీ తీయించి మాకిచ్చింది. ఖాసిం రేడియోలు బాగుచేస్తాడు, మైకుసెట్లు అద్దెకిస్తాడు.

అమ్మ దాన్ని బైబిలు పక్కన పెట్టుకుంది. వినదు. ఉంటే చాలట.

మే 11, ఆదివారం

చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు. అందరి కళ్లూ మూసి ఉన్నాయి. పడమటి వీధిలో అంకమ్మ కొలుపు, పొద్దుటి నుంచీ మైకు మోగుతూనే ఉంది. సినిమా పాట ఆగింది. గరగరమంది.

అమ్మ గొంతు.

ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. అమ్మను చూశారు. అమ్మ కళ్లు మూసుకునే ఉంది. పెదవులు కదులుతున్నాయి — ప్రార్థనో, వంతో.

మే 12

ఖాసిం దగ్గరికి వెళ్లాను. స్టూలు దులిపి వేశాడు.

"కాపీ తీసేటప్పుడు బాగుందని నాకోటి ఉంచుకున్నా, మేడం. నిన్న వాళ్ల పాటగాడికి గొంతు పోయింది. అమ్మవారి పాట లేకపోతే ఘటం ఊరేగింపుకు లేవదని ముసలోళ్లు గోల. నా దగ్గర ఉంది కదా అని ఏశా. మీ అమ్మగారి పాటకే ఘటం లేచింది! ఏం, తప్పయిందా?"

లేదన్నాను. మసీదు పక్క ఇంట్లో పుట్టినవాడు. అందరి పండగలకూ మైకు కట్టేవాడు. ఏ పాట ఎవరిదో అతనికి పట్టింపు లేదు. మాకే ఉంది.

మే 14

అయ్యగారు ఇంటికొచ్చారు. మంచి మనిషి, మంచినీళ్లు కూడా తాగలేకపోయారు.

"కిందటి క్రిస్మస్‌కు నాలుగు కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి, రాహేలమ్మా. కొలుపుకు చందా ఇవ్వలేదని బోరింగు దగ్గర వాళ్ల బిందెలు తన్నేస్తున్నారు. ఆ బిందెలు పట్టుకుని వాళ్లు నీ పాట విన్నారు. ఇప్పుడు నేను వాళ్లకేం చెప్పాలి? సంఘం ముందు లేచి తప్పయిందని ఒక్క మాట అను. అది అయ్యేదాకా ప్రభువు బల్లకు దూరంగా ఉండాలమ్మా. పెద్దల మాట."

అమ్మ ఆయన తాగని గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"మైకులో ఏసింది నేను గాదు. దానికి ఇచారమే అయ్యగారూ, ఆ బిందెలోళ్ల కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. పాడింది నేనే. మా నాయన పాట నాయన కోసం పాడా. నేను మొక్కింది యేసయ్యకే. తప్పు గానిది తప్పని ఆయన ముందరే ఎట్టా చెప్పను? ఆయనకు తెల్వదా?"

అయ్యగారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

జూన్ 1

నెలకోసారి వచ్చే సంస్కారపు ఆదివారం, ప్రభువు బల్ల రోజు. రొట్టె ముక్కల పళ్లెం మా వరసలోకి వచ్చింది. అమ్మ అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. పంచుతున్న సంఘ పెద్ద పళ్లేన్ని అమ్మ తల మీదుగా నాకందించాడు.

నేను తీసుకున్నాను. తిన్నాను.

నాకు నమ్మకం పోయి పదేళ్లు. ఒక్క నెలయినా నన్నెవరూ ఏమీ అడగలేదు.

జూన్ 15

అమ్మ చర్చికి రానంది. కాళ్ల నొప్పులట.

జూలై 9

హెలెన్ ఉత్తరం. ఏడాదిలో పొడుగైన పగటినాడు కొండ మీద మంట చుట్టూ అమ్మ పాట పెట్టుకున్నారట. మాట అర్థం కాకపోయినా అందరూ ఏడ్చారట. మీ అమ్మ మా పూజారిణి అని రాసింది. ఆమెను ఆ మతం నుంచి విడిపించలేవా అని కూడా రాసింది.

అయ్యగారికి అమ్మ పూర్తిగా తన మనిషి కావాలి. హెలెన్‌కూ అంతే. ఇద్దరికీ అమ్మంటే ప్రేమే. అదే భయం.

కొంత దాచి, కొంత చదివి వినిపించాను. అమ్మ నొచ్చుకుంది. "పాపం, ఆ పిల్లకు యేసయ్య సంగతి ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. నువ్వు రాయవే. ఇంగిలీసు వచ్చుగా."

జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టాను. చించేశాను.

జూలై 27

అన్నం సరిగా తినడంలేదు. డాక్టరు రక్తం తక్కువన్నాడు. మందులు రాశాడు.

"బల్ల లేకుండా పోతానేమోనే" అంది. జడ వేస్తున్నాను అప్పుడు. చేతిలో పిడికెడు కూడా లేని జుట్టు.

ఆ ఒక్క మాట అనెయ్యరాదా అన్నాను. వెనక్కి తిరిగి చూసింది. "నువ్వే గదే పాడమంది."

నిజమే. సంఘం ముందు లేవాల్సింది నేను. జూన్ నుంచీ తెలుసు. ప్రతి ఆదివారం లేవాలనే వెళ్తాను. లేస్తే బతిమాలింది నేనని ఒక్కటే చెప్పి కూర్చోలేను. మిగతాదీ చెప్పాలి — నమ్మకం సంగతి. ఆ తర్వాత ఈ ఊళ్లో నేనెవరిని?

ఆగస్టు 3, ఆదివారం

పళ్లెం వచ్చింది. ముక్క తీసుకున్నాను. నోట్లో పెట్టుకోలేదు. రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చాను.

అమ్మ రుమాలు విప్పి చూసుకుంది. "అయ్యగారే పంపాడా?"

ఊఁ అన్నాను.

"తప్పని అనకుండానే?"

ఊఁ.

కళ్లకద్దుకుంది. నోట్లో నానబెట్టుకుని, నానబెట్టుకుని తిన్నది. కళ్ల వెంట ధార. మధ్యాహ్నం పప్పన్నం అడిగి పెట్టించుకుంది. రెండోసారి కూడా.

ఆగస్టు 5

లేచి తిరుగుతోంది. వాకిలి తనే ఊడ్చింది. పక్కింటి వదినను పిలిచి చెబుతోంది — "మా అయ్యగారిది ఎంత పెద్ద మనసో వదినా." ఆమె నా వైపు చూసింది. ఆమె మరిది సంఘంలో పెద్ద.

ఆగస్టు 8

ఎల్లుండి చర్చికి వస్తుందట. సాక్ష్యం చెబుతుందట. దేవుడు అయ్యగారి మనసు ఎట్టా కరిగించాడో, రొట్టె ఎట్టా ఇంటికే పంపించాడో సంఘమంతా వినాలట. పొద్దుటి నుంచీ మాటలు కూర్చుకుంటోంది. మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి.

"నన్ను మైకు దాకా నడిపియ్యవే అమ్మాయ్. ఆడ నుంచి నేను చూసుకుంటా" అంది.

సరేనన్నాను.