అందిన నోటీసు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నువ్వు పంపిన అఫిడవిట్ చదివాను. క్వారీ లైసెన్సు నా పేరున ఉంది కాబట్టి సంతకం నేనే పెట్టాలన్నావు. ఆ లైసెన్సు రద్దు చేసేముందు మనకు నోటీసే రాలేదని అందులో ఉంది. గనుల ఆఫీసువాళ్ళ దగ్గర మనకు నోటీసు అందినట్టు రసీదు దొరకలేదట, ఇక కేసు మనదేనని వకీలుగారు అన్నారట.

నోటీసు వచ్చిందిరా. నీకు గుండె ఆపరేషన్ అయిన వారం నేనే తీసుకున్నాను. నీకు చెబితే ఏమవుతుందోనని ప్రార్థన పుస్తకంలో దాచాను. పదిహేను రోజుల్లో జవాబివ్వాలని ఉన్న సంగతి గడువు దాటాక చూశాను.

"కళ్ళు మూసుకుని సంతకం పెట్టక్కా, ఎలాగూ రోజంతా కళ్ళు మూసుకునే కూర్చుంటావుగా" అని ఫోన్లో అన్నావు. నాకూ నవ్వొచ్చింది. కానీ అఫిడవిట్ అంటే దేవుడి మీద ప్రమాణం. పెట్టకపోతే నీ ఇంట్లోనూ, రాళ్ళు కొట్టే అరవై మంది ఇళ్ళల్లోనూ పొయ్యిలో పిల్లి లేవదు.

నోటీసు ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. ఏం చేస్తావో నీ ఇష్టం. సంతకం మాత్రం పెట్టలేను. నన్ను కోర్టుకి పిలిపించకు. పిలిస్తే ఉన్నదే చెబుతాను. పిలవకూడదని రోజూ ప్రార్థిస్తున్నాను. అలా కోరుకోవచ్చా అని మాత్రం దేవుణ్ణి అడగలేదు.

పెద్దక్క