కారు తాళాలు దొరికాయి

చిరంజీవి అమ్మడిని నాన్న దీవించి రాస్తున్న సంగతులు.

నువ్వూ, అల్లుడూ, పాపా బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. మీ అమ్మ సంగతి కింద రాస్తాను. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు.

పాపకు పన్ను కదులుతోందని రాశావు. లాగొద్దు, దానంతట అదే ఊడుతుంది. వంటింటి కప్పు ఇంకా కారుతోందా అని అడిగావు. కారుతోంది. కింద గిన్నె పెట్టాము.

ఇక కారు తాళాలు. ఇంట్లోకి రాగానే ఒకేచోట పెట్టమని, తలుపు పక్కన మేకు కొట్టమని రాశావు. కొట్టాను. గుత్తికి ఎర్ర పీలిక కట్టమన్నావు. మీ అమ్మే కట్టింది. అయినా పోయాయి. మారుతాళం కూడా ఆ గుత్తికే ఉంది. రెండూ ఒక్కచోట ఉంటే పోవని నేనే వేశాను. ఆ తెలివి నాదే.

ఆ పొద్దున డయాలసిస్‌కు వెళ్ళాలి. మీ అమ్మ చెప్పులు వేసుకుని తన కుట్టుమిషను దగ్గర కుర్చీలో కూర్చుంది. మేకుకు గుత్తి లేదు. చొక్కా జేబులు, మంచం కింద, బియ్యం డబ్బా, చెత్తబుట్ట అన్నీ చూశాను. కారు కింద దూరి కూడా చూశాను. మీ అమ్మ కదలకుండా నన్నే చూస్తోంది.

"మతి పోతోంది మీకు," అంది.

నిజమేననుకున్నాను. భయం వేసింది. నాకు మతి పోతే ఆమెను ఎవరు తీసుకెళ్తారు? ఆ పూట ఆసుపత్రి తప్పింది.

తరువాతి వాయిదాకు పక్కింటి తాపీమేస్త్రి తన వ్యానులో తీసుకెళ్ళాడు. సిమెంటు బస్తాలు జరిపి మీ అమ్మకు చోటు చేశాడు. "కారు కొన్నది ఎక్కడానికా బాబాయ్, తాళాలు వెతుక్కోడానికా?" అన్నాడు. నేను నవ్వాను. మీ అమ్మ నవ్వలేదు. తిరిగొచ్చి దిగేటప్పుడు మాత్రం, "ఇంక నువ్వు శ్రమపడకు నాయనా, తాళాలు దొరుకుతాయిలే," అంది.

ఆ రోజు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఒక్కసారి తప్పితేనే ఇంత నీరు పట్టింది. మళ్ళీ తప్పితే ఊపిరి అందదు తాతగారూ," అంది.

మొన్న మీ అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ఆ కుర్చీ తుడిచాను. కుర్చీ మీది దిండు ఒక పక్క బరువుగా ఉంది. తిప్పి చూశాను. కొత్త దారం, వంకర కుట్టు. ఇన్నేళ్ళు ఊరందరికీ కుట్టింది, ఆమె కుట్టు వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు వేళ్ళు ఉబ్బి ఉన్నాయి కదా. నొక్కితే తాళాలు తగిలాయి. వాటి మీదే కూర్చుని నేను వెతకడం చూసింది.

దిండు ఎలా ఉందో అలాగే పెట్టేశాను.

మధ్యాహ్నం తనే అడిగింది.

"వెతకడం మానేశారేం?"

"అలిసిపోయానే."

కాసేపు నా మొహం చూసింది. "చూశారన్నమాట."

"చూశాను. ఎందుకే ఇలా చేశావు?"

"వద్దంటే మీరు వింటేగా! ఆ సూదులు, ఆ మంచం. ఇంటికొచ్చి పడుకోవడం, లేచి మళ్ళీ వెళ్ళడం. ఇంక నావల్ల కాదండీ."

"పిల్లకు ఏం చెప్పమంటావు?"

"మీరా, చెప్పడమా? పెళ్ళిచూపుల్లో నా పేరు అడగడానికే మీ నాన్నను ముందుకు తోశారు." అని నవ్వింది. నవ్వుతోనే ఆయాసం వచ్చింది. అది తగ్గాక, "కావాలంటే విప్పుకోండి. మళ్ళీ కుట్టే ఓపిక నాకు లేదు," అంది.

ఆమె చిన్న కత్తెర తీసుకుని కూర్చున్నాను. ఒక కుట్టు తెంపాను. వద్దనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. కత్తెర పక్కన పెట్టేశాను.

నిన్న వెళ్ళాల్సిన రోజు. వెళ్ళలేదు. మేస్త్రి వచ్చి అడిగితే తాళాలు దొరికాయని చెప్పి పంపేశాను. సాయంత్రం నువ్వు ఫోను చేస్తే మీ అమ్మ బాగున్నానంది. నేను పక్కన ఉండి ఊఁ కొట్టాను. అప్పటికే పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. పడుకుంటే ఊపిరాడటం లేదని వీపు వెనక దుప్పట్లు పెట్టి కూర్చోబెట్టాను.

ఇది ఇంతసేపు రాయలేకపోయాను అమ్మా. ఫోను నా చేతికి అందేచోటే ఉంది. ఒక్క మాట చెబితే నువ్వు ఉన్నపళంగా వస్తావు. వచ్చి ఏడిస్తే మీ అమ్మ కాదనలేదు, లేచి కారెక్కుతుంది. అందుకే చేయలేదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే ఉత్తరం రాస్తున్నాను.

నన్ను ఎన్నైనా అను. ఆమెను ఏమీ అనకు.

ఇట్లు,
మీ నాన్న