రాడ్డుకు ఆనించిన చెవి

చాంద్రాయణగుట్ట,
19 జూన్ 2025, గురువారం.

బిడ్డ ప్రీతికి మీ బాపు ఇశ్రాయేలు దీవెనలతో రాసేది.

దేవుని దయతో ఇక్కడ నేను, మీ అమ్మ బాగున్నం. అక్కడ నువ్వు, నాయినమ్మ కూడ బాగున్నరని అనుకుంటున్న. నాయినమ్మకు కంటి ఆపరేషన్ అయి పది దినాలే అయింది, పొయ్యి కాడ కూసోనియ్యకు. చుక్కల మందు నాలుగు పూటలు వెయ్యాలె. మూడు పూటలకే అయిపోయిందంటది, నమ్మకు. రేపు మీ సాగర్ మామ షాద్‌నగర్ దిక్కు వస్తున్నడు, ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్న. ఫోన్ ఉండంగ ఉత్తరమేంది బావా, పెండ్లి పిలుపా అని నవ్విండు. ఫోన్ల నీ మాట సగమే వస్తది, ఊర్ల సిగ్నల్ అసుంటిది. ఈ ముచ్చట సగం సగం మాట్లాడేది కాదు.

సోమవారం సాయంత్రం ఐదు గంటల లోపల నువ్వు రెండిట్ల ఒకటి ఒప్పుకోవాలె. కంది ఐఐటీల సివిల్ ఇంజినీరింగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుల నాలుగేండ్ల డిగ్రీనా.

ముందుగాల గల్లీ ముచ్చట్లు చెప్త. ఆదివారం డానియేలు పాస్టరు గారు నీ పేరు చెప్పి, మన సంఘపు బిడ్డకు రెండు పెద్ద చదువుల సీట్లు వచ్చినయని అందరితోని చప్పట్లు కొట్టించిండు. ప్రార్థన అయినంక అనురాగ్ వాళ్ల అమ్మ మీ అమ్మ పక్కకు వచ్చింది. రెండు వచ్చినయి గద వదినా, బిడ్డ చదివేది ఒకటే గద, ఇంకొకటి మా అనురాగ్‌కు ఇప్పియ్యరాదా అని అడిగింది. మీ అమ్మ నవ్వలేదు. ప్రీతిని అడిగి చెప్త అన్నది.

కిరాణం రామలింగం సేటు కంది అంటడు. ఐఐటీ అంటే గల్లీల మేకకు గూడ తెలుసు ఇశ్రాయేలూ, ఆ బెంగుళూరుది నేనెన్నడు వినలే, రేపు సంబంధం వచ్చినప్పుడు దాని పేరు ఎంత మందికి విప్పి చెప్తవు అని అన్నడు. చెప్తే నేర్చుకుంటరు సేటూ అన్న. మీ అమ్మ లెక్క ఇంకా సాఫ్‌గ ఉన్నది. కందికి మెహిదీపట్నంల బస్సు మారితే చాలు, శుక్రవారం పొద్దుగూకేసరికి బిడ్డ ఇంట్ల ఉంటది. ఆమెకు ఇంకో మాట అక్కర లేదు.

ఊరికి పోయేనాడు నువ్వు గూడ గదే అన్నవు. కందే మంచిగుంది బాపూ, శనివారం ఆదివారం ఇంటికి రావచ్చు అన్నవు. నేను సరే అన్న. బస్సు పోయినంక ఆ మాట నాకు మనసున పట్టలేదు.

ఈ రెండు కాలేజీల సంగతి నాకు తెల్వదు. రెండూ గొప్పయని తెలిసినోళ్లు చెప్తున్నరు, నమ్ముతున్న. నాకు తెలిసింది నీళ్ల పైపు ఒకటే. ఇరవై ఆరేండ్ల నుంచి నీళ్ల బోర్డుల లైన్‌మన్ పని. పొద్దున ఐదింటికి వాల్వు తిప్పుడు, ఎక్కడన్న నీళ్లు కారుతున్నయంటే రోడ్డు మీద ఇనుప రాడ్డు నిలబెట్టి, దానికి చెవి ఆనించి, భూమిల పైపు ఎక్కడ పలిగిందో పట్టుడు. ఈ పని నాకు గుండయ్య మేస్త్రి నేర్పిండు. చప్పుడు విను, గీత గియ్యి, తవ్వు అన్నడు. ఎందుకు వస్తది చప్పుడు అని ఆయన చెప్పలే, నేను అడగలే.

నువ్వు ఏడో తరగతి ఎండాకాలం సెలవులల్ల నా ఎంట వచ్చినవు. నేను చూపియ్యక ముందే రాడ్డుకు చెవి పెట్టి, బాపూ లోపల ఎవరో ఈల వేస్తున్నరు అన్నవు. మోరీల మురుగు నీళ్లు పోతుంటే గురక తీరు ఉంటది. పైపు పలిగి కారితే సన్నగ ఈల తీరు ఉంటది. ఆ ఫరక్ తెలిసేటందుకు నాకు రెండేండ్లు పట్టింది, గుండయ్య మేస్త్రి చేత మస్తు తిట్లు తిన్న. నువ్వు ఒక్క పూటల పట్టినవు.

పోయిన డిసెంబర్‌ల సంతోష్‌నగర్ సంగతి నీకు యాదికి ఉంటది. ఒక గల్లీల నాలుగు దినాలు నల్లాలల్ల మురికి నీళ్లు వచ్చినయి. మూడు చోట్ల తవ్విన్రు, మూడు చోట్ల ఎండు మన్నే. ఆడోళ్లు బిందెలు పట్టుకొని లొల్లి. రోడ్డు బాగు చేస్తున్నరా, పొలం దున్నుతున్నరా అని ఒకామె మా ఎల్లేష్ అంగి పట్టుకున్నది. వాడు కొత్తగ వచ్చిన లైన్‌మన్, ఏం చెప్తడు. అప్పుడు కాలేజీకి పోతున్న దానివి బస్సు దిగి వచ్చినవు. బ్యాగు భుజం మీదనే ఉన్నది. కండ్లు మూసుకొని విన్నవు. ఇక్కడ కాదు అన్నవు. టైలరు దుకాణం దిక్కు నాలుగు అడుగులు వేసి, మళ్ల విని, ఇక్కడ అన్నవు. తవ్వితే పైపుకు శనగ గింజంత బొక్క. ఎల్లేష్ అంగి పట్టుకున్న ఆమెనే లోపలికి పోయి నీకు చాయ్ తెచ్చింది.

ఆ దినం అందరు నీ చెవిని మెచ్చుకున్నరు. నేను మెచ్చింది వేరే. మళ్ల బస్సు ఎక్కేటప్పుడు నువ్వు ఒకటి అడిగినవు. పాత ఇనుప పైపుల చప్పుడు అంత దూరం వస్తది, కొత్త ప్లాస్టిక్ పైపైతే దగ్గరికి పోతే గాని రాదు, ఎందుకు బాపూ అన్నవు. మా మేనేజర్ సారును అడిగిన. ఆయన ఇంజినీరు. ప్లాస్టిక్ అంటే గట్లనే ఉంటది ఇశ్రాయేలూ, మిషన్ తెప్పిస్తం అన్నడు. నువ్వు మాత్రం నోటుబుక్కు పెట్టినవు. ఏ గల్లీ, ఏ పైపు, ఎంత లోతు, ఏం చప్పుడు. నువ్వు లేనప్పుడు ఆ బుక్కు తీసి చదివిన, కోపం చెయ్యకు. ఆఖరి పేజీలన్నీ ప్రశ్నలే. జవాబు తెలిసినట్టు ఎక్కడా రాసుకోలేదు. నా ఇరవై ఆరేండ్ల పనిల అడగవలసినవి గన్ని ఉన్నయని నాకు అప్పుడు తెలిసింది.

సీట్లు వచ్చిన నాడు బెంగుళూరు వాళ్ల సంగతి ఫోన్ల తీసి చూపిస్తివి. చప్పుడు ఇనుముల ఎట్ల పోతది, నీళ్లల ఎట్ల పోతది, అది చదివేటోళ్లు అక్కడ ఉన్నరు బాపూ అన్నవు. అప్పుడు నీ మొహం చూసిన. తర్వాత ఫోన్ బంద్ చేసి, కాని దూరం అన్నవు. అప్పుడు గూడ చూసిన.

కంది తక్కువది అంటలేను. లైన్లు వేసేటోళ్లు, బాగు చేసేటోళ్లు లేకుంటే ఊరికి నీళ్లు లేవు. నీకు ఆ పని ఇష్టమైతే కందికే పో. శుక్రవారం శుక్రవారం వస్తే అందరికంటే ముందుగాల సంబురపడేది నేనే. కాని కందికి పోతే కంది కొరకు పో. చాంద్రాయణగుట్ట కొరకు పోకు.

నేను చెప్పేది ఇంతే. ఏది ఒప్పుకున్నా నీ ఇష్టం. నాయినమ్మకు నా వందనాలు చెప్పు.

ఎటు పోయినా నిన్ను రైలో బస్సో ఎక్కించ వచ్చేటోడు,
మీ బాపు
ఇశ్రాయేలు

తా.క.: ఇది మరిచింది కాదు. పైన రాయ బుద్ధి కాక కిందికి పెట్టిన. సంతోష్‌నగర్‌ల ఆ మూడు చోట్ల తవ్వమని గీత గీసింది నేనే. నాకు అక్కడ ఏం వినబడలే. కుడి చెవి పోయి మూడేండ్లు అయింది. ఎడమది పోయిన వానాకాలం నుంచి సగమే. ఫోన్ల నీ మాట సగం వచ్చేది సిగ్నల్‌తోని కాదు.

ఇది నీకు ఆ దినమే తెలిసింది. మరునాటి నుంచి వాకింగ్ అని చెప్పి ఐదింటికి నా ఎంట రావట్టినవు. పరీక్షల నెలల గూడ మానలేదు. ముందు నువ్వు వింటుంటివి, చెప్పు కొనతోని అక్కడ మన్ను గీకుతుంటివి. తర్వాత రాడ్డు నాకిచ్చి, బాపూ నువ్వొకసారి చూడు అంటుంటివి. నేను చెవి పెట్టి, ఔ, ఇక్కడనే అంటుంటి. ఆరు నెలలు ఇద్దరం గట్లనే నడిపినం. నీకు తెలుసని నాకు తెలుసు. నోరు తెరవకపోవుడు నా తప్పు.

నువ్వు ఊరికి పోయినంక, మొన్న సోమవారం నాడు, మేనేజర్ సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. తిడ్తడనుకున్న, కూసోబెట్టి చాయ్ తాగించిండు. దవాఖానల పరీక్ష చేసి కాయిదం ఇచ్చిన్రు. ఒకటో తారీఖు నుంచి నా డ్యూటీ రిజర్వాయర్ కాడ, నీళ్ల మట్టం చూసి రిజిస్టర్‌ల రాసుడు. దానికి కండ్లు చాలు. మీ అమ్మకు గూడ చెప్పిన. నువ్వు పెంచే టీవీ చప్పుడు ఏడాది నుంచి వింటనే ఉన్న గద అన్నది.

రాడ్డు ఎల్లేష్‌కు ఇచ్చిన. ఇప్పుడు మన ఇంట్ల రాడ్డు లేదు, పొద్దున ఐదింటికి నీకు పని లేదు. నిన్న వాడు ఒక్కడే ఒక లీకు పట్టిండు. నాలుగడుగులు తప్పు. నేర్చుకుంటడు.

సాగర్ మామ ఆదివారం తిరిగి వస్తడు. జవాబు ఆయన చేతికి కాయిదం మీద రాసియ్యి. ఫోన్ చెయ్యకు. చేస్తే మీ అమ్మ ఎత్తుతది. నువ్వు బెంగుళూరు అన్నా, నాకు మాత్రం కంది అనే చెప్తది.